కాశీ ఎక్కడికీ పోదు

మొన్న ఆదివారం చారు పోపు పెట్టి హాల్లోకి వచ్చేసరికి, ఇంజనీరింగు చదివే మా అబ్బాయి కంప్యూటర్ ముందు కూర్చుని, తెల్లజుట్టు వీరుడొకడి చేత సత్రంలో పేకాట ఆడిస్తున్నాడు.

"ఎవర్రా ఇతను?"

"గెరాల్ట్ అమ్మా. పెంపుడు కూతుర్ని శత్రువులు తరుముతున్నారు. వెతకడానికి బయల్దేరాడు."

"కూతురు ఆపదలో ఉంటే పేకాటేమిట్రా!"

"ఏం ఫరవాలేదు. నేను వెళ్ళేదాకా కథ ఆగుతుంది."

నవ్వొచ్చింది. ఆట పేరు విచర్ 3. పోలండు రచయిత సాప్‌కోవ్‌స్కీ పుస్తకాల ఆధారంగా ఆ దేశపు కంపెనీయే 2015లో తయారుచేసింది. ఎటు కావాలంటే అటు గుర్రమెక్కి పోవచ్చు. ఊరూరా ఒక కథ. మనకిదేం కొత్త కాదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథల్లోనూ మజిలీ మజిలీకీ ఒక వింత, దానికో కథ. మధ్యలో కాశీ సంగతి మరిచిపోయినా నష్టం లేదు, కాశీ ఎక్కడికీ పోదు. తప్పిపోయిన కూతురు అలా కాదే! 2011లో వచ్చిన స్కైరిమ్‌లోనూ ఇంతేనట. ఊళ్ళమీద డ్రాగన్లు పడుతుంటే వీరుడు తీరిగ్గా మూలికలు ఏరుకోవచ్చు. వారం వారం సీరియల్లో నేనిలా రాస్తే పాఠకులు ఊరుకుంటారా?

అలా తీసిపారేద్దామనుకుంటుండగానే, దారిలో తగిలిన చిన్నకథ ఒకటి నన్ను కుర్చీలో కూర్చోబెట్టేసింది.

జమీందారులాంటి వాడొకడు భార్యా, కూతురూ కనిపించడం లేదంటాడు. తీగ లాగితే అసలు సంగతి బయటపడుతుంది. తాగి కొట్టేవాడు. ఆవిడకి గర్భం పోయింది. తల్లీకూతుళ్ళు పారిపోయారు. ఇప్పుడు ఏడుస్తున్నాడు, నిజంగానే ఏడుస్తున్నాడు.

నడుమ ఒక చెట్టులోని భూతం, తనని వదిలిపెడితే కొందరు అనాథపిల్లల్ని కాపాడతానంది. మావాడు వదిలిపెట్టాడు. పిల్లలు బతికారు. ఆ ఇల్లాలు చచ్చిపోయింది. మొగుడు ఉరేసుకున్నాడు.

"రెండో దారి పట్టి ఉంటే?"

"పిల్లలు దక్కరు. ఆవిడ బతుకుతుంది గాని మతి ఉండదు. ఆయన వైద్యం కోసం ఆవిణ్ణి కొండల్లోకి తీసుకెళతాడు."

"అతను మారి, ఆవిడ క్షమించి, ఇద్దరూ హాయిగా ఉండే దారి?"

"లేదమ్మా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఉప్పల్ రింగ్ రోడ్డు మీద 2023లో స్కైవాక్ ప్రారంభించారు కదా. ఏ వైపు మెట్లు కావాలంటే ఆ వైపు దిగొచ్చు, దిగాక మాత్రం ఆ రోడ్డే. ఆమధ్య నాచారం నుంచి ఆటోలో వచ్చి, మెట్రో కోసం ఆ స్కైవాక్ ఎక్కితే ఒకావిడ గుర్తుపట్టి ఆపింది.

"మీ నవల్లో తాగుబోతు మొగుడు ఆఖరి వారంలో మారిపోయాడు కదండీ. ఎలా మారాడో రాయలేదేం?"

ఏదో సర్దిచెప్పి, నవ్వేసి వెళ్ళిపోయాను. ఆవిడ నవ్వలేదని రైలెక్కాకగాని తట్టలేదు.

"అమ్మా, వెనక్కెళ్ళి మళ్ళీ ఆడనా, ఆవిడ బతికేలా?" అన్నాడు మావాడు. వాడి ఆటలో ఆ వీలుంది. అచ్చయిన ఆఖరి వారాన్ని నేను వెనక్కి తెచ్చుకోలేను.

ఇప్పుడు రాస్తున్న నవల్లోనూ ఒక తాగుబోతు మొగుడున్నాడు. వాడు మారి ఇంటికొచ్చే ఘట్టం రాసి, పిన్ను గుచ్చి ఉంచాను. ఆ రాత్రి పిన్ను తీసేశాను. ఆఖరి వారం ఇంకా పంపలేదు.