తనకు తానే కీ ఇచ్చుకునే గడియారం

పాత గోడ గడియారమంటే కుర్చీ ఎక్కి కీ ఇవ్వాల్సిందే. ఆ శ్రమ లేని గడియారాలను అమెరికాలో 1886లో మొదలైన సెల్ఫ్ వైండింగ్ క్లాక్ కంపెనీ తయారుచేసింది. లోపల బుల్లి మోటారు, రెండు బ్యాటరీలు... అంతా కలిపి 3 వోల్టులే! గంటకోసారి మోటారు కదిలి స్ప్రింగును చుట్టేస్తుంది. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లోని నాలుగు ముఖాల గడియారం ఆ కంపెనీదే.

మరి టైము తప్పితే? దానికీ ఉపాయముంది. నేవల్ అబ్జర్వేటరీ లెక్కగట్టిన సమయాన్ని వెస్టర్న్ యూనియన్ టెలిగ్రాఫ్ తీగల మీద పంపేది. సంకేతం అందగానే లోపలి అయస్కాంతం పనిచేసి, నిమిషాల ముల్లును సరిగ్గా 12 మీదికి తెచ్చేది. ఎక్కడెక్కడి గడియారాలైనా ఒకే మాట మీద ఉండేవి.

తర్వాత ఆ సేవ ఆగిపోయింది. తీగ మూగబోయింది. పాత యంత్రాన్ని పీకేసి క్వార్ట్జ్ మిషను బిగిస్తే పని సులువే. టైమూ చూపిస్తుంది. కానీ మిగిలేది చెక్కపెట్టె మాత్రమే!

అందుకే వీటి విలువ తెలిసినవారు ఓపిక పడతారు. గడ్డకట్టిన నూనె కడుగుతారు. పైపూత రాలిన తీగలు మారుస్తారు. లోలకాన్ని కొద్దికొద్దిగా సర్ది, రోజుల తరబడి నడక గమనిస్తారు. ఎందుకంటే సంకేతం కొద్దిపాటి తేడానే దిద్దగలదు. ఎక్కువ తప్పితే దాని వల్ల కాదు.

చివరగా, ఉపగ్రహాల నుంచి టైము తీసుకునే చిన్న సర్క్యూట్‌ను పాత తీగకు కలుపుతారు. గంట పూర్తవుతుంది. ముల్లు చటుక్కున 12 మీదికి వస్తుంది. ఏళ్ల తరబడి అందని కబురు దానికి మళ్లీ అందింది!