స్కిట్ల మీదుగా 'బలగం' దాకా

ఈ వార్షికోత్సవ సంచికకు ఉద్యోగాల మీద ఏదైనా రాయమని అడిగారు. గ్రూప్స్‌కు ఎట్లా చదవాలి, డీఎస్సీకి ఏ పుస్తకాలు కొనాలి అన్నది నాకంటే బాగా చెప్పగల సీనియర్లు మన హాస్టల్ నుంచి చాలామందే వెళ్లారు. నేను మాత్రం మన ఇళ్లల్లో ఎవరూ ఉద్యోగమని ఒప్పుకోని ఒక పని గురించి రాస్తాను. అది టీవీకి, సినిమాకు రాసే పని. ఆ పనిలో మన సిరిసిల్ల నుంచి పోయిన వేణు ఎల్దండి నడిచిన దారి గురించి.

కొత్త తమ్ముళ్లకు నేనెవరో తెలియదు కాబట్టి రెండు మాటలు. మాది గొల్లపల్లి మండలం. బాపు దుబాయిలో పనిచేస్తాడు, అమ్మ బీడీలు చేస్తది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. మొన్ననే ఎమ్మే తెలుగు అయిపోయింది. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఈ హాస్టల్ అన్నమే తిన్నాను.

నేను ఇక్కడ చేరింది 2013లో. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ఈటీవీలో 'జబర్దస్త్' మొదలైంది. గురువారం రాత్రి స్టడీ అవర్ కాగానే డైనింగ్ హాల్లో టీవీ ముందు కింద కూర్చునేవాళ్లం. వార్డెన్ సారు తిట్టడానికి వచ్చి, తలుపు దగ్గర నిలబడి, తనూ నవ్వి పోయేవారు. ధన్‌రాజ్ టీం, చమ్మక్ చంద్ర టీం, రాకెట్ రాఘవ టీం, వాటి మధ్యన 'వేణు వండర్స్'. తర్వాత సొంత టీం పెట్టుకొని పెద్ద పేరు తెచ్చుకున్న సుడిగాలి సుధీర్ మొదట్లో ఆ టీంలోనే చేసేవాడు. వేణు మాట మన వైపు మాట. అందుకే మాలో సగం మంది ఆ టీం పక్షం.

అప్పుడు నేను ఆయన్ను యాక్టర్ అనే అనుకున్నాను. స్కిట్ అంటే ఎవరో రాస్తేనే ఆడతారన్న ఆలోచన ఆరో తరగతి పిల్లగానికి ఎక్కడిది? నిజానికి ఆ కార్యక్రమంలో స్కిట్ తయారుచేసుకునే బరువు ఎక్కువగా టీం లీడర్ల మీదే ఉండేది. పది నిమిషాలలోపు ఒక ఇల్లు, నలుగురు మనుషులు, ఒక గొడవ, చివర ఒక మలుపు. అదీ వారం వారం. ఈ వారం రాలేదు, వచ్చే వారం రాస్తా అంటే కుదరదు. మనం హాస్టల్ డే కోసం ఏడాదికి ఒక నాటిక రాయడానికే నెల రోజులు పెనుగులాడి, చివరికి పాత సినిమా డైలాగులు అతికించి ఒడ్డెక్కుతాం. రాసి చూసినవాళ్లకు ఆ కష్టం తెలుస్తుంది.

ఆయన లెక్క ఒకసారి వేసి చూడండి. తేజ తీసిన 'జై' 2004లో వచ్చింది. అందులో చిన్న పాత్ర. 2007లో 'మున్నా'లో టిల్లు పాత్ర, దాంతో 'టిల్లు వేణు' అన్న పేరు వచ్చింది. ఆ పేరు వచ్చిన ఆరేళ్లకు టీవీ. ఆ టీవీ కార్యక్రమం నుంచి బయటికొచ్చి, సొంతంగా కథ రాసుకొని, తనే దర్శకత్వం చేసిన మొదటి సినిమా 'బలగం' విడుదలైంది 2023 మార్చి 3న. మొదటి పాత్ర నుంచి మొదటి కథ దాకా పందొమ్మిదేళ్లు. మనలో కొందరి వయసు అంత లేదు.

మన వైపు నుంచి సినిమాకు రాసినవాళ్లు అంతకుముందు లేరని కాదు. వేములవాడ దగ్గరి హనుమాజీపేట నుంచి వెళ్లిన సినారె 1962లో 'గులేబకావళి కథ'కు పాటలు రాశారు, 1988లో జ్ఞానపీఠం అందుకున్నారు. కానీ ఆయన ఆచార్యులు, మహాకవి. ఆయన్ను చూస్తే దండం పెట్టబుద్ధయితది గాని, నేనూ రాస్తా అనే ధైర్యం రాదు. గురువారం రాత్రి టీవీలో గంతులు వేసిన మనిషి రాశాడంటేనే ఆ ధైర్యం వస్తుంది.

ఇక 'బలగం' సంగతి. సిరిసిల్ల దగ్గరి ఊళ్లల్లో తీసిన సినిమా. కొమురయ్య అనే ముసలాయన ఊరంతా తిరిగి అందరితో పరాచికాలాడి, మనవడు సాయిలు పెళ్లి పని నడుస్తుండగా చనిపోతాడు. మూడొద్దులనాడు పిట్టకు పెడితే పిట్ట ముట్టదు. ఇరవై ఏళ్ల కింద కూర గిన్నెలో నల్లి బొక్క కోసం అల్లుడికీ బావమరిదికీ జరిగిన గొడవతో బిడ్డ లక్ష్మి పుట్టింటికి దూరమైంది. ఆ మనుషులు కలిసేదాకా పిట్ట రాదు. కథ ఇంతే. తన తండ్రి పోయినప్పుడు ఇంట్లో చూసినవాటి నుంచే ఈ కథ పుట్టిందని వేణు ఇంటర్వ్యూల్లో చెప్పారు.

ఎమ్మేలో మాకు కథా నిర్మాణం మీద ఒక పేపర్ ఉండేది. అది చదివాక ఈ సినిమాను మళ్లీ చూస్తే నాకు ఒకటి తోచింది. చావు ఇంటికి వచ్చే ఒక్కొక్క చుట్టాన్ని రెండు మాటల్లో మన ముందు నిలబెట్టే నేర్పు ఆయనకు స్కిట్లల్లో అబ్బిందే. మందు కోసం చూసేవాడు, పైసల లెక్క అడిగేవాడు, ఏడుస్తూనే పక్కవాళ్ల చీర చూసేవాళ్లు ప్రతి చావు ఇంట్లో ఉంటారు. టీవీలో నవ్వించిన విద్యను ఆయన పక్కన పడేయలేదు, శవం పక్కకే తెచ్చి కూర్చోబెట్టాడు. మనమూ నవ్వుతాం, నవ్వినందుకు కొంచెం సిగ్గుపడతాం. సాయిలు అప్పు తీర్చుకోవడానికి మేనత్త బిడ్డ వెంట పడే భాగం మాత్రం నాకు పలచగా అనిపించింది. లక్ష్మికి ఇంకా నాలుగు మాటలు రాసి ఉండాల్సింది. ఇరవై ఏళ్లు పుట్టింటి గడప తొక్కని ఆడమనిషి మనసులో ఏమేం ఉంటయో మా అమ్మను అడిగినా చెప్పేది.

మాట గురించి కూడా చెప్పాలి. చాలా ఏళ్లు తెలుగు సినిమాలో మన మాట మాట్లాడేది రౌడీనో, పనివాడో, నవ్వించేవాడో. 1979 నాటి 'మా భూమి' లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. 2017లో 'ఫిదా' వచ్చాక హీరోయిన్ నోట విన్నాం. నేను డిగ్రీలో చేరిన కొత్తలో, ఒక క్లాసులో లేచి "నిన్న ఊరికి పోయి అచ్చిన సార్" అంటే పాఠం చెప్పే ఆయనతో సహా అందరూ నవ్వారు. ఆ తర్వాత నెల రోజులు క్లాసులో నోరు విప్పలేదు. 'బలగం'లో అదే అచ్చుడు, అదే పోవుడు. నవ్విన సీన్‌లోనూ అదే మాట, ఏడ్చిన సీన్‌లోనూ అదే మాట.

సినిమా చివర కుటుంబాన్ని కూర్చోబెట్టి పాడినవాళ్లు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. వరంగల్ జిల్లా దుగ్గొండి మండలం వాళ్లు, బుడగ జంగం కళాకారులు. డిగ్రీ హాస్టల్‌లో నా పక్క మంచం మిత్రుడిది ఆ కులమే. తాత, నాయనమ్మ చావు ఇళ్లల్లో పాడతారని రెండేళ్లు మాకు చెప్పలేదు. ఎస్సీ హాస్టల్‌లో కూడా దాచుకునే సంగతులుంటాయి, మనకు తెలియనిది కాదు. 2023లో ఒకరి ఫోన్ చుట్టూ పదిమందిమి చేరి ఆ సినిమా చూసిన రాత్రి, పాట అయిపోయాక అతను "మా నాయనమ్మకు ఇంతకన్నా పెద్దది అస్తది" అన్నాడు. తెల్లారేదాకా అతన్ని పడుకోనివ్వలేదు. మొగిలయ్య 2024 డిసెంబర్‌లో కిడ్నీ జబ్బుతో చనిపోయారు. సినిమాకు 2023 సంవత్సరపు గద్దర్ అవార్డుల్లో ఉత్తమ చిత్రంగా బహుమతి వచ్చింది, 'ఊరు పల్లెటూరు' పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు ప్రకటించారు. ఈ రెండూ 2025లో. అప్పటికి ఆయన లేరు.

ఆ వేసవిలో పల్లెల్లో పంచాయతీ ముందర తెర కట్టి ఈ సినిమా వేశారు. మాటల్లేని అన్నదమ్ములు కలిశారని పత్రికల్లో వచ్చింది. మా ఇంట్లో జరిగింది అంత పెద్దది కాదు. 2019లో మా తాత పోయినప్పుడు బాపు దుబాయిలో ఉన్నాడు, సెలవు దొరకలేదు. మట్టి ఇచ్చేది ఫోన్‌లోనే చూశాడు. మూడొద్దులనాడు పిట్ట ఎంతకూ ముట్టకపోతే, "కొడుకు రానందుకే ముసలోనికి కోపమచ్చింది" అని చుట్టాల్లో ఒకరు అమ్మకు వినపడేటట్టు అన్నారు. ఆ సంగతి బాపుకు ఎవరూ చెప్పలేదు. నాలుగేళ్ల తర్వాత దుబాయిలో రూంలో ఉండేవాళ్లతో కలిసి బాపు ఈ సినిమా చూశాడు. ఆ రాత్రి ఫోన్ చేసి సినిమా బాగుందని గాని బాగాలేదని గాని అనలేదు. "తాతప్పుడు పిట్ట ఎంతసేపటికి ముట్టింది రా?" అని అడిగాడు. నేను నీళ్లు నములుతుంటే అమ్మ ఫోన్ గుంజుకొని, "పొద్దు వాలినంక ముట్టింది. నీ పేరు చెప్పినంకనే ముట్టింది" అన్నది. పేరు చెప్పిన సంగతి నాకు తెలియదు. నిజమో కాదో ఇప్పటికీ అడగలేదు.

ఈ పని నేర్చుకోవాలని నాకు గట్టిగా అనిపించింది ఆ ఫోన్ తర్వాతే. అయితే ఇంటి సంగతి ఇంటిదే. ఎమ్మే అయిపోయిందని తెలిసిన రోజు అమ్మ చాటలో తునికాకు సర్దుతూ, "రాసుడు మంచిదే బిడ్డా, దానికి జీతం ఏ తారీఖున పడ్తది?" అన్నది. పందొమ్మిదేళ్ల లెక్క ఆమెకు చెప్పలేదు. పొద్దున టీచర్ పోస్టుకు చదువుతున్నాను, రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా రాస్తున్నాను. మొన్నటిదాకా రాసినవి నాలుగు చిన్న నాటికలు, అందులో ఒకటి ఆడదగ్గట్టు ఉంది. జంగాల మిత్రుడి నాయనమ్మకు చదివి వినిపిస్తే మూడు మాటలు తప్పని మార్పించింది. ఒక పాత్రను మొత్తానికే తీసేయమన్నది, తీసేశాను.

ఈ ఏడాది వార్షికోత్సవానికి ఆ నాటికే ఆడదామని వార్డెన్ సారుతో మాట్లాడాను. ఇంకా ఇద్దరు ముసలోళ్లు, ఒక సర్పంచ్, పిట్ట అరుపు తీసేటోడు కావాలి. రాయాలని ఉన్న తమ్ముళ్లు కూడా శనివారం సాయంత్రం డైనింగ్ హాల్‌కు రండి. తెల్ల కాగితాలు నేను తెస్తాను, పెన్నులు మీరు తెచ్చుకోండి.