శుక్రవారం రేసు

ల్యూజ్ అనే మంచుబండి ఆట పేరు వినగానే మనవాళ్ళకు ఒలింపిక్స్ టీవీ ప్రసారమే గుర్తొస్తుంది. నేను దాన్ని మొదటిసారి దగ్గరగా చూసింది మాత్రం జనం లేని ఒక శుక్రవారం నాడు. అది 2017 నవంబరు. ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ నగరానికి ఎగువన ఇగ్ల్స్ అనే ఊళ్ళో ప్రపంచ కప్ సీజన్ మొదలవుతోంది. నేను మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాను, మా తమ్ముడు అక్కడే చదువుకుంటున్నాడు. ఇద్దరం తెల్లవారుజామునే బయల్దేరి వెళ్ళాం. ట్రాకు గట్టు మీద కోచ్‌లు, వాకీటాకీలు పట్టుకున్న సిబ్బంది తప్ప పెద్దగా ఎవరూ లేరు.

ఆ రోజు జరిగేది నేషన్స్ కప్. పట్టికలో పైనున్న వాళ్ళకు ప్రపంచ కప్ రేసులో చోటు ముందే ఖాయమై ఉంటుంది. మిగిలిన వాళ్ళంతా ముందుగా ఒకే ఒక్క పరుగులో తేల్చుకోవాలి. ఉన్న కొద్ది ఖాళీలూ దక్కిన వాళ్ళకే ఆ తర్వాత అసలు రేసు. ఆ రేసులో గెలిచినవారికి 100 పాయింట్లు, రెండోవారికి 85, మూడోవారికి 70, అలా తగ్గుతూ పోతాయి. సీజన్‌లో ఊరూరా తిరిగి పోగేసిన ఆ పాయింట్లే ఒలింపిక్స్‌కు దారి. పియోంగ్‌చాంగ్ క్రీడలు అప్పటికి మూడు నెలల దూరంలో ఉన్నాయి.

స్టార్టు గది వెనకాల ఒక కుర్రాడు కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. అరచేయి గాల్లో మెల్లగా కదులుతోంది, దాంతోపాటే తల వాలుతోంది, భుజం దిగుతోంది. ఇగ్ల్స్‌లోని 14 మలుపులనూ మనసులోనే దిగుతున్నాడు. ఆ పక్కనే ఇంకొకతను బండిని తిరగేసి, దాని కింది ఉక్కు పట్టీలను గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. ఒక్కోసారి వేలితో తడిమి చూసి మళ్ళీ రుద్దుతున్నాడు. ఈలోగా ఒక అధికారి వచ్చి పట్టీ మీద ఉష్ణమాపకం ఆనించాడు. వేడెక్కిన ఉక్కు మంచు మీద ఇంకా వేగంగా జారుతుంది. అందుకే అక్కడ ఒక నమూనా ఉక్కు ముక్కను ఉంచుతారు. దానికంటే పట్టీ 5 డిగ్రీలకు మించి వేడిగా ఉందంటే రేసు నుంచి తీసేస్తారు. ఏడాది కష్టమంతా ఆ 5 డిగ్రీల దగ్గర కొట్టుకుపోవచ్చు.

తర్వాత ఆ కుర్రాడు బండి మీద కూర్చుని, రెండు పక్కలా ఉన్న పిడులు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగి, ఒక్కసారిగా తోసుకున్నాడు. చేతి తొడుగుల వేళ్ళకు ఉన్న సన్నటి మేకులతో మంచును నాలుగుసార్లు చరిచి వెల్లకిలా పడుకున్నాడు. మా ముందు నుంచి పోయింది మనిషని చెబితే తప్ప తెలియదు. కింద బోర్డు మీద సెకనులో వెయ్యో వంతు దాకా అంకెలు పడ్డాయి.

“అక్కా, వీళ్ళెవరికీ పతకం రాదుగా, మరి ఎందుకింత?” అన్నాడు తమ్ముడు. “పతకం సంగతి తర్వాతరా, ముందు దిగనివ్వాలిగా” అన్నాను. నా మట్టుకు నాకు ఆదివారం నాటి విజేత కంటే ఈ శుక్రవారం వాళ్ళే పెద్ద ఆటగాళ్ళు. డబ్బు, బండి, కోచ్ అన్నీ తక్కువే. వెరపు మాత్రం అందరికీ ఒకటే.

ఒలింపిక్స్ సింగిల్స్‌లో ఒక దేశం నుంచి ముగ్గురికి మించి దిగకూడదు. జర్మనీలో నాలుగో ఆటగాడు ప్రపంచంలో ఎంత గొప్పవాడైనా ఇంట్లోనే కూర్చోవాలి, లెక్క అతన్ని దాటుకుని కిందివాళ్ళకు దిగుతుంది. ఈ నియమం లేకపోతే చిన్న దేశాలకు చోటే ఉండదు. అలాగని దేశం పేరు చెప్పుకుని వచ్చేయడానికీ లేదు. అంతర్జాతీయ రేసుల్లో దిగి, పాయింట్లు తెచ్చుకుని ఉండాలి. ఈ పట్టింపు ఎందుకో 2010 ఫిబ్రవరి 12 గుర్తున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. వాంకూవర్ క్రీడలు ప్రారంభం కావాల్సిన రోజునే, విస్లర్ ట్రాకులో సాధన చేస్తూ జార్జియా కుర్రాడు నోదర్ కుమారితాష్విలి చనిపోయాడు. ఆ తర్వాత మగవాళ్ళ స్టార్టును కిందికి దించి పోటీలు నడిపారు.

మన ల్యూజ్ ఆటగాడు శివ కేశవన్ ఒలింపిక్స్‌కు వెళ్ళే ఈ దారిని ఆరుసార్లు దాటాడు. మనాలీ దగ్గర పెరిగినవాడు. చక్రాలు బిగించిన బండి మీద హిమాలయాల ఘాట్ రోడ్లలో, లారీల మధ్య సాధన చేసేవాడు. 1998లో నాగానోలో దిగేనాటికి పదహారేళ్ళు. 2014లో సోచీకి తన చోటు తాను సంపాదించుకున్నా, భారత ఒలింపిక్ సంఘం సస్పెన్షన్‌లో ఉన్నందున మన జెండా లేకుండా ఒలింపిక్ జెండా కిందే దిగాల్సి వచ్చింది. అతని పోటీ ముగిసిన రెండు రోజులకే సస్పెన్షన్ ఎత్తేశారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

పియోంగ్‌చాంగ్ రేసు మేమిద్దరం ల్యాప్‌టాప్‌లో చూశాం. నాలుగో పరుగు మొదటి 20 మందికే. కేశవన్ మూడు పరుగులతో 34వ స్థానంలో ఆగాడు, అదే అతని ఆఖరి ఒలింపిక్స్. 2022లో బీజింగ్‌కు మన దేశం నుంచి వెళ్ళింది స్కీయర్ ఆరిఫ్ ఖాన్ ఒక్కడే, ల్యూజ్‌లో ఎవరూ లేరు. మన దేశంలో మంచు ట్రాకు లేదు. రేపు ఏ హిమాచల్ పిల్లో ఈ ఆట మీద మనసు పడితే, ఘాట్ రోడ్డు మీద మొదలుపెట్టి, శీతాకాలాలన్నీ యూరప్‌లో గడిపి, ఆ శుక్రవారాలు ఒక్కొక్కటీ దాటుకుంటూ రావాలి.