బ్రేకు వేసిన పిదప

మా కళాశాలలో లారీ డ్రైవర్ల బిడ్డలము, మెకానిక్కుల తమ్ములము పెక్కుమందిమి ఉన్నాము. అందుచేత రహదారిపై ప్రమాదము జరిగినదన్న వార్త మా యిండ్లకు రెండు భయములతో వచ్చును. రోడ్డు దాటినవారు మావారో, స్టీరింగు పట్టినవారు మావారో తెలియువరకు మాకు ముద్ద దిగదు.

అచ్చట గుమిగూడిన జనులు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "బ్రేకు వేయలేదా?" తరచుగా వేసియే యుండును. కాని బ్రేకు వేయుట వేరు, బండి నిలుచుట వేరు. ఈ రెంటి నడుమనున్న దూరమును గూర్చియే మా మనవి.

భౌతికశాస్త్రపు తరగతిలో నేర్చిన లెక్కనే రహదారిపైకి తీసికొని పోదము. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు లారీ సెకండునకు దాదాపు 17 మీటర్లు సాగును. అడ్డము వచ్చినదానిని చూచి బ్రేకుపై కాలు మోపుటకు ఒకటిన్నర సెకండు పట్టునని అనుకొందము. అప్పటికే 25 మీటర్లు గడచును. పెద్ద లారీలలో బ్రేకులను పనిచేయించునది ఒత్తిడితో నింపిన గాలి. ఆ గాలి గొట్టములగుండ పోయి బ్రేకులు బిగియుటకు ఇంచుమించు అరసెకండు, అనగా మరి 8 మీటర్లు. ఆపై సెకండునకు 18 కిలోమీటర్ల చొప్పున వేగము తగ్గినను, నిలుచుటకు 28 మీటర్లు కావలెను. వెరసి 61 మీటర్లు. మూడు క్రికెట్ పిచ్చుల పొడవు! 80 కిలోమీటర్ల వేగమున ఇదే లెక్క 94 మీటర్లగును. ఏలయన బ్రేకు పట్టిన పిదప సాగు దూరము వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. ఇదియంతయు పొడిరోడ్డు మాట. వానలో ఇంకను ఎక్కువ.

బరువు వలననే లారీ ఆగదని పలువురందురు. అది సగము నిజము. బరువుతోపాటు నేలపై టైర్ల పట్టును పెరుగును. కాని కదలు బండి శక్తి యంతయు బ్రేకులలో వేడిగా మారవలెను. మితిమీరి సరుకు నింపినప్పుడు, ఘాటురోడ్డు దిగునప్పుడు ఆ వేడికి బ్రేకుల పట్టు సడలును. అందుకే అనుభవముగల ఉస్తాదులు శ్రీశైలము ఘాటును చిన్న గేరులో, ఇంజను పట్టుమీద దిగుదురు. ఖాళీ లారీ వెంటనే ఆగుననుటయు భ్రమయే. బరువు లేని వెనుక చక్రములు సులభముగా బిగిసి జారగలవు.

ముందు బండికి తగినంత దూరములో నడుపవలెనని 2017 నాటి డ్రైవింగు నిబంధనలు చెప్పుచున్నవి. మంచి డ్రైవరు ఆ దూరమును విడిచియే నడుపును. కాని ఖాళీ కనబడగానే మన మోటారుసైకిళ్లు, ఆటోలు అందులో దూరును. అది ఖాళీ స్థలము కాదు, మిత్రులారా! అది ఆ లారీకి సగము బ్రేకు. దానిలో దూరినవాడు డ్రైవరు చేతిలోని ఉపాయమును లాగుకొన్నవాడగును.

కళాశాల కమిటీ పెద్దలకు మాదొక విన్నపము. ఏటికొకనాడు ఆటస్థలమున టేపుతో 61 మీటర్లు కొలిచి సున్నముతో గీత గీయించి, మా తండ్రులలో ఒకరిని పిలిచి విద్యార్థులకు చెప్పించవలెను. పుస్తకములోని సంఖ్య కంటికి కనబడినప్పుడే కాలు వెనుకకు తగ్గును. పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలుచుండి నీళ్లు త్రాగుట మేలన్న సామెత రహదారికి తగినంతగా మరెచ్చటను తగదు.