కాగితానికి కాగితమే సాక్షి

డ్రైవింగ్ లైసెన్సుకి ఏమేం కావాలని మా వైపు ఎవర్నడిగినా చెప్పేది ఒకటే మాట. ఆధార్ ఉంటే చాలు, ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, పనైపోతుంది. కాగితాలన్నీ ఒకదానితో ఒకటి కుదిరినవాళ్లకి అది నిజమే. 2021 మార్చిలో కేంద్ర రవాణా శాఖ ఆధార్ ధ్రువీకరణతో కొన్ని సేవల్ని ఇంటి నుంచే చేసుకునే వీలు కల్పించింది. బండి నేర్చుకునేవాళ్లకిచ్చే ఎల్ఎల్ఆర్ కూడా వాటిలో ఒకటి. నా లైసెన్సు రెన్యువల్ ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయింది కాబట్టి, అందరికీ అలాగే అవుతుందనే నేనూ అనుకునేదాన్ని. కుదరని కాగితాలతో మన చుట్టూ ఎందరు బతుకుతున్నారో మా వదిన వెంట తిరిగినప్పుడే తెలిసింది.

ఆవిడ మా మేనత్త కూతురు. దివిసీమలో పుట్టి, పెళ్లయ్యాక విజయవాడ వచ్చింది. ఇంట్లో జాకెట్లు కుట్టి షాపులకిస్తుంది. ఆ మూటలు తీసుకెళ్లడానికి స్కూటీ నేర్చుకుంది. 2019 చట్ట సవరణ తర్వాత లైసెన్సు లేకుండా బండి నడిపితే జరిమానా 5,000 రూపాయలు. జాకెట్టు కుట్టుకూలి మీద బతికే మనిషికి అదెంత మొత్తమో చెప్పక్కర్లేదు. పైగా, ఏదైనా జరిగితే బీమా డబ్బుల దగ్గర కూడా చిక్కే. "ఆ కార్డేదో తీసుకుందాం పద" అంది. ఇద్దరం బయల్దేరాం.

ఆధార్ కార్డు తీసి చూస్తే పుట్టిన తేదీ లేదు. సంవత్సరం మాత్రమే ఉంది, 1982 అని. ఆధార్ మొదలైన కొత్తలో కాగితం చూపలేని వాళ్లని వయసు ఎంతని అడిగి, లెక్కగట్టి సంవత్సరం వేసుకునేవాళ్లు. అందుకే అలాంటి కార్డులు మన పల్లెల్లో బోలెడు. అప్పట్లో అదేమీ తప్పు కాదు. ఏ కాగితమూ లేని మనిషికి మొదటి గుర్తింపు ఇవ్వాలన్న ఉద్దేశంతోనే ఆ సడలింపు పెట్టారు. కానీ ఇప్పుడు లైసెన్సు ఫారంలో రోజు, నెల, సంవత్సరం మూడూ నింపాలి. రవాణా ఆఫీసు కౌంటర్లో ఉన్నతను మర్యాదగానే, "ముందు ఆధార్ సరిచేయించుకుని రండమ్మా" అన్నాడు. ఆధార్ కేంద్రానికి వెళితే, పుట్టిన తేదీ మార్చాలంటే జనన ధ్రువపత్రమో పదో తరగతి మెమోనో తెమ్మన్నారు. వదిన చదివింది అయిదో తరగతి. పుట్టింది ఇంట్లో, మంత్రసాని చేతుల్లో.

అత్తయ్యని అడిగితే తడుముకోకుండా చెప్పింది. "ఉప్పెన వచ్చిన మూడో ఏడు, కృష్ణా పుష్కరాల సంవత్సరం, వినాయక చవితి వెళ్లాక." దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. పుష్కరాలు 1980లో. అంటే వదిన 1980లో పుట్టింది. ఆ తరం తల్లులకి కాలం అలాగే గుర్తుంటుంది. ఉప్పెనతోనో, పుష్కరంతోనో, గేదె ఈనిన రోజుతోనో ముడిపెట్టి చెబుతారు. అత్తయ్య చెప్పినదాంట్లో నాకు రవ్వంత అనుమానం కూడా లేదు. కానీ ఆ మాటని అతికించడానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

ఊళ్లో జనన రిజిస్టరు వెతికించాం. అప్పట్లో ఆ రిజిస్టరు గ్రామ మునసబు చేతిలో ఉండేది. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు వ్యవస్థని రద్దు చేసింది. ఆ మరుసటి ఏడు మండలాలు వచ్చాయి. రికార్డులు చేతులు మారుతూ వచ్చాయి. 1980 పుస్తకంలో మా వదిన లేదు. ఆడపిల్ల పుట్టిందని మునసబు గారింటికి వెళ్లి రాయించాలన్న ధ్యాస ఆ రోజుల్లో కూలి ఇళ్లలో ఎవరికుంటుంది?

ఆవిడ పేరు మొట్టమొదట అక్షరాలకెక్కింది ఊరి ప్రాథమిక పాఠశాల ప్రవేశ రిజిస్టరులోనే. ఆ పుస్తకం నాకింకా కళ్లముందు కనిపిస్తోంది. అట్ట పోయి గోనెగుడ్డతో కుట్టారు. అంచులు చెదలు తిన్నాయి. నీలం సిరా కొన్నిచోట్ల ఊదారంగుకి తిరిగింది. అడ్మిషన్ నంబరు, పేరు, తండ్రి పేరు, వృత్తి, పుట్టిన తేదీ అంకెల్లో, పక్కనే అక్షరాల్లో, చివరి గడిలో రెండు పుట్టుమచ్చలు. వదిన వరుసలో పుట్టిన తేదీ 10-06-1980 అని ఉంది. పైన పిల్లాడిది జూన్. కింద పిల్లదీ జూన్. పేజీ అంతా చూశాను, ఒకటీ అరా తప్ప అందరూ జూన్‌లోనే పుట్టారు. బడి తెరిచే వేళకి అయిదేళ్లు నిండాలి కాబట్టి, నిండినట్టు రాశారు ఆ మాస్టారు. పుట్టుమచ్చలు మాత్రం ఊహించి రాసినవి కావు. "కుడి మోచేతి కింద ఒకటి, మెడ మీద ఎడమవైపు ఒకటి." వదిన అక్కడే చెయ్యి తిప్పి చూసుకుంది. మచ్చ ఉంది.

బడి పంతుళ్లు ఇష్టమొచ్చిన తేదీ వేసి పిల్లల జీవితాల్ని చిక్కుల్లో పడేశారని మనవాళ్లు తరచూ అంటారు. ఆ రిజిస్టరు చూశాక నేనా మాట అనలేను. ఆ పిల్లని దగ్గరికి పిలిచి, చెయ్యి పట్టుకుని మచ్చ వెతికి, అక్షరాల్లో పెట్టిన మొదటి మనిషి ఆయన. మూడు నెలలకు పైగా వెనక్కి వేశారు, నిజమే. కానీ ఆయన రాయకపోతే 1980 అన్న అంకె ఎక్కడా ఉండేది కాదు. 1982 అన్నదే ఆవిడ వయసైపోయేది. రేపు వృద్ధాప్య పింఛనుకి వెళ్లినప్పుడు రెండేళ్లు ఆగమనేవాళ్లు.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లో రాయించాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. మా దగ్గర అది ఆర్డీవో ద్వారా వస్తుంది. ముందు రిజిస్టరులో పేరు లేదని ఒక పత్రం, తర్వాత దరఖాస్తు, అఫిడవిట్, తహసీల్దారు విచారణ. విచారణకి వచ్చినాయన అత్తయ్య మాట ఓపిగ్గా విన్నారు. విని, బడి రిజిస్టరు నకలునే ఆధారంగా తీసుకున్నారు. అలా వదిన పుట్టిన తేదీ అధికారికంగా జూన్ 10 అయింది. అత్తయ్యకి అది మింగుడుపడలేదు. "కన్నదాన్ని నేను, చవితి వెళ్లాక పుట్టిందని చెబుతున్నాగా" అని ఒకటే బాధ. "పుట్టినరోజు పండగ చవితి వెళ్లాకే చేసుకుందాంలే అమ్మా" అని వదినే సర్దిచెప్పింది.

నాకు పాఠం బోధపడింది అక్కడే. మనిషి ఎదురుగా నిలబడి ఉంది, కన్నతల్లి పక్కనే ఉంది. అయినా ఆఫీసుకి కావలసింది మనిషి గురించి మనిషి చెప్పే మాట కాదు, ఒక కాగితాన్ని బలపరిచే ఇంకో కాగితం. లైసెన్సు ఆధార్‌ని అడుగుతుంది. ఆధార్ జనన ధ్రువపత్రాన్ని అడుగుతుంది. అది బడి రిజిస్టరుని అడుగుతుంది. తీగ లాగుతూ పోతే చివరికి తేలేది ఒక పంతులు గారి దస్తూరి. ఇందులో అధికారుల దుర్మార్గమేమీ లేదని కూడా ఒప్పుకోవాలి. వాళ్లకి మనం తెలియదు. తెలియని మనిషిని నమ్మడానికి వాళ్ల దగ్గర ఇంకో దారి లేదు. అందుకే ఏ ఫారమైనా నింపే ముందు మనం సర్దుకోవలసింది జాబితాలోని కాగితాల సంఖ్యని కాదు. వాటిని పక్కపక్కన పరిచి, మనమెవరో ఎరగని మనిషి చదివినట్టు చదువుకోవాలి.

అలా పరిచి చదివితే తేదీ కంటే పెద్ద చిక్కు ఇంకోటి కనిపించింది. బడి రిజిస్టరులో వదిన ఇంటిపేరు పుట్టింటిది. ఆధార్‌లో అత్తింటిది. పెళ్లయితే ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. రేషన్ కార్డులో ఇంటి యజమాని కింద పేర్లు రాసేటప్పుడు ఎవరూ అడగకుండానే మారిపోతుంది. ఓటరు కార్డులో తండ్రి పేరు ఉండే గడిలోకి భర్త పేరు వస్తుంది. మగవాడు పుట్టిన దగ్గర్నుంచి చచ్చేదాకా ఒకే ఇంటిపేరుతో, ఒకే తండ్రి పేరుతో కాగితాల్లో నడుస్తాడు. ఆడమనిషి మాత్రం ఆ రెండు ఇంటిపేర్ల మనుషులూ తనేనని నిరూపించుకోవాలి. స్టాంపు పేపరు మీద నోటరీ దగ్గర అచ్చంగా అదే రాయిస్తారు, ఫలానా ఆవిడా ఫలానా ఆవిడా ఒక్కరే అని. వదిన సంతకం పెట్టి, "ఇన్నాళ్లూ ఇద్దరిగా ఉన్నానా ఏంటే?" అంది. దానికి జవాబు చెప్పలేకపోయాను. ఆ భారం ఆడవాళ్ల మీదే పడటం అన్యాయమని మాత్రం గట్టిగా అనుకుంటున్నాను.

రెండు ఇంటిపేర్లూ కలిసి కనిపించే కాగితం ఇంట్లో ఒక్కటే దొరికింది. పెళ్లి శుభలేఖ. బీరువా అడుగున, పసుపు మరక ఆరిపోయి, మడతల దగ్గర చిరిగి ఉంది. చి.ల.సౌ. అని మొదలుపెట్టి ఆవిడ పేరు, కింద మా మామయ్య పేరు, ఎదురుగా వరుడి పేరు, అతని తండ్రి పేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వివాహ నమోదు తప్పనిసరి చేసిన చట్టం 2002లో వచ్చింది. వీళ్ల పెళ్లి అంతకు ముందే అయింది. ఆ శుభలేఖ, పెళ్లి ఫోటో, సాక్షులతో ఇప్పుడు రిజిస్టరు చేయించాం. శుభలేఖలు పారేయకండని తెలిసినవాళ్లందరికీ చెబుతున్నాను. అచ్చయిన రోజు పిలుపుకే పనికొస్తుందనుకుంటాం గానీ, పాతికేళ్ల తర్వాత ఆడపిల్లకి అదే దిక్కవుతుంది.

ఆధార్ సవరణ రోజు సంగతి కూడా చెప్పాలి. పుట్టిన తేదీ మార్చుకోవడానికి ఒక్కసారే అవకాశం. పేరైతే రెండుసార్లు. ఆ సంగతి తెలియకే చాలామంది తొందరపడి, చేతికందిన కాగితంతో మార్పించుకుని, తర్వాత అసలు కాగితం దొరికాక ఏం చెయ్యాలో తోచక కూర్చుంటారు. ఆపరేటరు ఎదుట ఒక తెర ఉంటే, మనవైపు తిప్పి ఇంకో తెర ఉంటుంది. అది మనం చదువుకోవడానికే. వెనక క్యూ ఉంది, ఆపరేటరు "సరే కదమ్మా" అంటాడు, మనం తలూపేస్తాం. వదిన తలూపలేదు. ఇంగ్లిషు రాకపోయినా జనన ధ్రువపత్రం చేత్తో పట్టుకుని ఆ అక్షరాన్నీ ఈ అక్షరాన్నీ బొమ్మలు పోల్చినట్టు ఒక్కొక్కటే వేలుపెట్టి చూసింది. ఆవిడ పేరులోని లక్ష్మి తెలుగులో ఒక్కటే. ఇంగ్లిషులో కొందరు కే, ఎస్, హెచ్ వేస్తారు, కొందరు ఎక్స్ వేస్తారు. కంప్యూటరుకి ఆ ఇద్దరూ వేర్వేరు మనుషులు. ఒకచోట ఎక్స్ పడింది. ఆవిడే పట్టుకుంది.

ఆ తర్వాత ఎల్ఎల్ఆర్ నిజంగానే తేలిక. నలభై దాటింది కాబట్టి డాక్టరుతో ఫారం 1ఏ రాయించాం. సిగ్నళ్ల పరీక్ష తెలుగులోనే రాసింది. ముప్ఫై రోజులు ఆగి, ఆరు నెలల గడువులోపు డ్రైవింగ్ పరీక్షకి వెళ్లింది, పాసైంది.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో నాలుగోది ఈ కాగితాల గురించే. రాసినప్పుడే అందులో ఎల్ఐసీ పాలసీ నుంచి బడి సర్టిఫికెట్ దాకా ఒక జాబితా ఇచ్చి, తగిన కారణం వల్ల ఇవేవీ చూపలేనివాళ్లు మేజిస్ట్రేటు ముందో నోటరీ ముందో చేసిన ప్రమాణాన్ని అధికారి అంగీకరించవచ్చని చెప్పారు. ఏమీ లేనివాడి మాటకి ఒక తలుపు తీసి ఉంచిన ఆ వాక్యం నాకు ఎంతో గౌరవంగా అనిపించింది. 2019లో రవాణా వాహనాల డ్రైవర్లకి ఎనిమిదో తరగతి చదువుండాలన్న నియమాన్ని కూడా తీసేశారు. చదువు లేనివాళ్ల బతుకుతెరువు ఆగకూడదని చేసిన పని అది, మంచి పని. కానీ వయసు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ చదువుకున్నవాళ్ల కాగితాన్నే అడుగుతున్నాం. ఆ తలుపు మూసుకుపోకూడదు. వదినకి వేలు పట్టుకుని తిరిగే మనిషి దొరికింది, బడి రిజిస్టరు చెదల నుంచి మిగిలింది. రెండూ లేని ఆడవాళ్లు ఆవిడ వీధిలోనే ఉన్నారు.

ఇకముందు పుట్టే పిల్లల సంగతి వేరు. 2023లో జనన మరణాల చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి బడిలో చేర్చడానికి, లైసెన్సుకి, ఓటుకి, పాస్‌పోర్టుకి, ఆధార్‌కి, సర్కారు ఉద్యోగానికి పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రమే నిలుస్తుంది. వాళ్లలో మొదటివాళ్లు పద్దెనిమిదేళ్లు నిండి కారు లైసెన్సుకి వెళ్లేది 2041లో. ఆరోజు కంప్యూటరు చదివే అక్షరాలు ఇవాళ ఏదో ప్రసూతి వార్డులో, నిద్రలేని ఒక తండ్రి చెబుతుంటే ఎవరో రాసుకుంటున్నారు.

మా అన్నయ్య కూతురు ఈమధ్య ప్రసవించింది. ఆసుపత్రి వాళ్లు నమోదు ఫారం ఇస్తే వదినే ముందు అందుకుంది. అల్లుడిచేత ఇద్దరి ఆధార్‌లూ, పదో తరగతి మెమోలూ తెప్పించి మంచం మీద పరిచింది. పిల్ల తల్లి పేరు ఏ ఇంటిపేరుతో రాయాలన్న మాట వచ్చినప్పుడు, "మెమోలో ఎలా ఉందో అలాగే రాయి, దాన్ని మార్చొద్దు" అని గట్టిగా చెప్పింది. బారసాల ఇరవై ఒకటో రోజున. చట్టం ఇచ్చిన గడువూ అదే. పేరు లేకుండానే నమోదు చేయించి, ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్చుకోవచ్చని అడిగి తెలుసుకుంది. బియ్యంలో పేరు రాసిన మర్నాడే అల్లుణ్ని స్కూటీ మీద ఎక్కించుకుని మున్సిపల్ ఆఫీసుకి వెళ్లింది.