పదమూడు విజయముల జట్టు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో శరదృతువు ప్రవేశించినంతనే శనివారములు కళాశాలల ఫుట్‌బాలు పోటీలకు అంకితములగును. పేరు ఫుట్‌బాలే యైనను అది మన పాఠశాలల మైదానములలో కాలితో తన్ను ఆట కాదు. రెండు కొనలు సన్నగా నుండు బంతిని చేతబట్టి పరుగెత్తుచు, విసరుచు, ఎదిరిపక్షమును త్రోసికొని ముందుకు సాగుదురు. పక్షమునకు పదునొకండుగురు. వారిలో బంతిని విసరి దాడిని నడపువానిని క్వార్టర్‌బ్యాక్ అందురు. మిషిగన్ విశ్వవిద్యాలయపు క్రీడాప్రాంగణమున లక్షమందికి పైగా కూర్చుండి ఈ ఆటను చూతురు.

ఇంతటి ఆటలో ఒక చిక్కు కలదు. అగ్రశ్రేణిలో 130కి పైగా జట్లుండగా, ఒక్కొక్కటి యేటికి ఇంచుమించు 12 ఆటలు మాత్రమే ఆడును. దేహములు నలిగిపోవు క్రీడ యగుటచే వారమున కొక్క ఆటకంటె నెక్కువ సాధ్యము కాదు. కనుక అందరును అందరితో తలపడుట కల్ల. మరి దేశమున కెల్ల మేటి యెవరు?

చాలకాలము ఈ ప్రశ్నకు మైదానమున గాక కాగితముపై జవాబు చెప్పిరి. 1936 నుండి పత్రికావిలేఖరులు, 1950 నుండి శిక్షకులు వోట్లువేసి మేటిని నిర్ణయించుచు వచ్చిరి. 1997లో విలేఖరులు మిషిగన్‌ను, శిక్షకులు నెబ్రాస్కాను ఎన్నుకొనిరి. ఆ రెండును ఒకదానితో నొకటి ఆడనే లేదు! 1998 నుండి వోట్లకు కంప్యూటరు లెక్కలను జేర్చి, మొదటి రెండు జట్లకు తుదిపోటీ నేర్పరచిరి. తగవులు తీరలేదు. 2014 నుండి ఎంపిక సంఘ మొకటి నాలుగు జట్లను పిలువసాగెను. తొలియేట నాలుగవ స్థానపు ఒహాయో స్టేట్ జట్టే విజేత యయ్యెను. రెంటికే చోటున్నచో అది ఇంటనే యుండెడిది.

2023లో ఫ్లోరిడా స్టేట్ జట్టు ఆడిన పదమూడింటను గెలిచెను. కాని నవంబరు 18వ తేదీని దాని క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలికి పెద్దగాయము తగిలి, ఆ యేటి కతని ఆట ముగిసెను. అతడు లేకయే మిగిలినవారు మరి రెండు ఆటలు గెలిచి, తమ కళాశాలల సమాఖ్యలో ప్రథమస్థానము పొందిరి. డిసెంబరు 3న సంఘము ప్రకటించిన నాలుగు పేర్లలో వారి పేరు లేదు. ఒక ఆట ఓడిన అలబామాకు నాలుగవ చోటు దక్కెను. క్వార్టర్‌బ్యాక్ లేని జట్టు మునుపటి జట్టు కాదని సంఘము వాదము. ఆ వాదమును బొత్తిగా త్రోసిపుచ్చ వీలులేదు. మేటి జట్లను ఏరుటయే వారికి అప్పగింపబడిన పని. అయినను, గెలిచి చూపినవారిని ఇక గెలువలేరని ఊహించి నిలిపివేయుట న్యాయమా? తన కాలు ముందుగనే విరిగియుండిన బాగుండెడి దనియు, జట్టు తనొక్కనితోనే లేదని అప్పుడందరును చూచియుందురనియు ట్రావిస్ వ్రాసెను. ఆ యువకుడు గాయపడినందులకు గాక, గాయము ఆలస్యముగా తగిలినందులకు వగచెను.

డిసెంబరు 30న ఆరెంజ్ బౌల్ పోటీలో, పలువురు ఆడక తప్పుకొనగా, ఆ జట్టు జార్జియా చేతిలో 63-3గా ఓడెను. సంఘమే సరియని కొందరనిరి. మనసు విరిగిన జట్టును చూచి తీర్పు చెప్పరాదని కొందరనిరి.

చోట్లను పన్నెండునకు పెంచుట 2022లోనే నిశ్చయమైనను, అది అమలునకు వచ్చినది 2024లో. 2024, 2025లలో సమాఖ్యల విజేతలలో పైస్థానములవారు అయిదుగురికి చోటు తప్పనిసరిగా నుండెను. తక్కిన ఏడింటిని సంఘము ఏరెను. నాలుగు జట్లకు మొదటి అంచెలో విశ్రాంతి. తొలియేట అట్లు విశ్రమించిన నాలుగును తమ మొదటి ఆటలోనే ఓడుట వింత. వానిలో ఒరెగాన్ యొకటి. అదియు పదమూడింట పదమూడు గెలిచినదే. అక్టోబరులో ఒహాయో స్టేట్‌ను ఒక్క పాయింటు తేడాతో ఓడించినది. 2025 జనవరి 1న రోజ్ బౌల్ మైదానమున అదే ఒహాయో స్టేట్ 41-21గా దానిని గెలిచి, జనవరి 20న అట్లాంటాలో నోటర్ డామ్‌పై 34-23తో దేశవిజేత యయ్యెను. ఒరెగాన్ ఓటమిని గూర్చి వాదించినవారు లేరు.

వాదము మాత్రము కడపటి చోటునకు తరలెను. 2025 డిసెంబరులో మయామీ, నోటర్ డామ్ రెండేసి ఆటలు ఓడియుండగా, తన్ను ఓడించిన మయామీకి చోటు దక్కుట చూచి, నోటర్ డామ్ ఆ యేట మరి యే బౌల్ పోటీయు ఆడనని చెప్పి ఇంటికి మరలెను.