అమ్మీ సందూఖ్ ఎక్కడికి పోయింది?

కంప్యూటర్ తెర మీది బొమ్మలకి కూడా ఖాందాన్ ఉంటుందంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఉంటుంది. లైనక్స్ నడిచే డెస్క్‌టాప్‌లో ప్రతి ఐకాన్ థీమ్‌కీ ఒక ఫోల్డరు, అందులో 'ఇండెక్స్.థీమ్' అని ఒక చిన్న ఫైలు ఉంటాయి. మామూలు అక్షరాల ఫైలే, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. థీమ్ పేరేమిటి, ఏ సైజు బొమ్మలు ఏ ఫోల్డర్లో ఉన్నాయి అన్న హిసాబ్‌తో పాటు 'ఇన్‌హెరిట్స్' అని ఒక లైను కూడా ఉంటుంది. మన భాషలో విరాసత్. "నా దగ్గర లేని బొమ్మ కావాలంటే ఫలానా థీమ్‌ని అడగండి, అది మా బుజుర్గ్" అని ఆ థీమ్ చెప్పుకోవడమే అది.

నేను ఖబర్లు రాసుకుని బతికేవాణ్ణి. ఈ ఫైళ్ల జోలికి నాకేం పని? అమ్మీ వల్ల వచ్చింది.

అమ్మీకి ఉర్దూ చదవడం వచ్చు. తెలుగు గలగలా మాట్లాడుతుంది, కూరగాయల బండి అబ్బాయితో బేరంలో ఆమెని గెలిచినవాడు లేడు, కానీ తెలుగు హరఫ్ ఒక్కటీ చదవలేదు. ఏలూరులో మా ఇంట్లో ఉన్నది సెకండ్‌హ్యాండ్ కంప్యూటరు. ముసలిది కాబట్టి దాంట్లో లైనక్స్ వేయించాం. తెర మీద ఉన్న ఆరు బొమ్మలకీ అమ్మీ తనే పేర్లు పెట్టుకుంది. ఫైర్‌ఫాక్స్ 'లోమ్డీ', సెట్టింగ్సు 'చక్కీ'. ఆకుపచ్చ ట్రంకు పెట్టె బొమ్మ 'సందూఖ్'. దాన్ని నొక్కితే దమ్మామ్ నుంచి తమ్ముడు పంపే వాయిస్ రికార్డింగులుంటాయి. అబ్బా ఆఖరి రంజాన్‌లో చేసిన తిలావత్ కూడా అందులోనే ఉంది. అబ్బా ఇంతిఖాల్ అయ్యి మూడేళ్లు. ఫజర్ తర్వాత ఆ సందూఖ్ తెరవని రోజు లేదు.

ఆపా కొడుకు తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో చదువుతున్నాడు. ఇత్వార్ వస్తే రైలెక్కి నానీ దగ్గరికి వచ్చేస్తాడు, చేతిలో గూడెం ఉల్లిపాయల సంచితో. (ఉల్లిపాయల టోకు బజారున్న ఊళ్లో చదువుతూ ఉత్త చేతులతో వస్తావా అని ఒకసారి అమ్మీ అన్నది. అప్పట్నుంచీ తప్పలేదు.) వాడికి ఆ పాత బొమ్మలు నచ్చలేదు. "నానీ, సబ్ నయా కర్ దూఁ?" అన్నాడు. కొత్త థీమ్ వేశాడు. లోమ్డీ మెరిసింది, చక్కీ గుండ్రంగా వచ్చింది. సందూఖ్ ఉండాల్సిన చోట ఏ నక్షా లేని బూడిద రంగు బొమ్మ నిలబడింది.

"మేరా సందూఖ్ కిధర్ గయా రే?"

వాడు నవ్వి, "ఇక్కడే ఉంది నానీ, నొక్కు" అన్నాడు. అమ్మీ నొక్కలేదు. తస్బీహ్ తీసుకుని పక్క గదిలోకి వెళ్లిపోయింది. బొమ్మ పోయిందంటే ఆవాజ్ కూడా పోయిందనే అనుకుంది. ఎందుకు అనుకోదు? బొమ్మ కింద పేరు ఇంగ్లీషులో ఉంది. చదవలేని మనిషికి బొమ్మే పేరు. 1952 ఎన్నికల్లో ఒక్కో ఉమ్మీద్‌వార్‌కి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించింది ఇందుకే కదా. పెట్టె మీద గుర్తు ఊడిపోతే వోటరు ఆ పెట్టెలో ఏ భరోసాతో కాగితం వేస్తాడు?

వాడు పక్క గదిలోకి వెళ్లి నానీ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. నేను తెర ముందు కూర్చున్నాను. తర్వాత ఇద్దరం కలిసి వెతికాం.

కంప్యూటరు బొమ్మని వెతికే తర్తీబ్ ఇలా ఉంటుంది. ముందు ఇప్పుడు నడుస్తున్న థీమ్‌లో చూస్తుంది. అడిగిన సైజు లేకపోతే, అదే థీమ్‌లో దానికి దగ్గర సైజు ఉందేమో చూస్తుంది. అదీ లేకపోతే విరాసత్ లైనులో రాసిన థీమ్‌ల దగ్గరికి, అక్కణ్ణుంచి వాటి బుజుర్గుల దగ్గరికి వెళ్తుంది. అందరూ లేదంటే చివరికి 'హైకలర్' అనే ఫోల్డర్ తలుపు తడుతుంది. అన్ని థీమ్‌లకీ అదే ఆఖరి ఇల్లు. హైకలర్‌కి సొంత షాన్ ఏమీ ఉండదు. ప్రోగ్రాములు చేసేవాళ్లు తమ బొమ్మ కనీసం ఒకటి, 48 పిక్సెళ్లది, అక్కడ పెట్టాలన్నది ఉసూల్. అలా పెడితే ఎవరు ఏ థీమ్ మార్చుకున్నా ఆ బొమ్మకి ఓ నీడ ఉంటుంది. హైకలర్‌లోనూ లేకపోతే ఏ థీమ్‌లోనూ చేరని విడి బొమ్మల ఫోల్డర్ ఒకటి మిగులుతుంది. అక్కడా దొరకనప్పుడే ఆ బూడిద బొమ్మ.

మా సందూఖ్ కథ అక్కడ బయటపడింది. మొదట్లో కంప్యూటరు సర్ది ఇచ్చిన కుర్రాడు ఆకుపచ్చ పెట్టె బొమ్మని శ్రద్ధగానే గీశాడు గానీ, దాన్ని అప్పటి థీమ్ ఫోల్డర్‌లో పెట్టి వదిలేశాడు. హైకలర్‌లో పెట్టలేదు. పాత థీమ్ ఉన్నన్నాళ్లూ తెలియలేదు. కొత్త థీమ్‌కి ఆ పాత థీమ్‌తో రిష్తా లేదు. వెతికే దారిలో ఆ ఇల్లే లేదు.

ఇంకో ఉసూల్ నాకు మరీ నచ్చింది. బొమ్మల పేర్లలో చిన్న గీతలుంటాయి: 'ఇన్‌పుట్-మౌస్-యూఎస్‌బీ'. గీత గీతకీ అర్థం సన్నబడుతుంది. యూఎస్‌బీ మౌస్ బొమ్మ ఈ థీమ్‌లో లేదు, బుజుర్గ్ థీమ్‌లో ఉంది అనుకోండి. అప్పుడు పరాయి ఇంటి నుంచి అచ్చమైన బొమ్మ తేవడం కంటే, మన థీమ్‌లోనే ఉన్న మామూలు మౌస్ బొమ్మ చూపించడం మేలంటారు. తెర మీద రంగులూ గీతలూ ఒక పోలికగా ఉండాలని. పెళ్లి దావత్‌లో ఒక ప్లేటు తగ్గితే పొరుగింటి బంగారు అంచు ప్లేటు తేకుండా మన స్టీలు ప్లేటే వేయడం లాంటిది. దస్తర్‌ఖాన్ మీద అన్నీ ఒక్కలా కనిపిస్తాయి.

సైజుల గొడవ మాత్రం ఏలూరు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మన ఊరి ఖాలీన్లు, ఏలూరు తివాచీలు, ఇరాన్ నుంచి వచ్చిన వాళ్ల హునర్ అని పెద్దలు చెప్పుకుంటారు. ముడి ముడిగా నేసే తివాచీలో ఒక్కో ముడి ఒక్కో చుక్క. పెద్ద తివాచీ మీది పువ్వుని జానమాజ్ సైజులోకి తేవాలంటే నక్షాని ఊరికే కుదించడం కుదరదు. ముడులు తగ్గితే రేకులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పువ్వుని మళ్లీ గీయాలి, కొన్ని రేకులు వదిలేయాలి. ఐకాన్ థీమ్‌లలో 16, 22, 32, 48 అని విడివిడి ఫోల్డర్లు ఉండేది ఇందుకే. ఇప్పుడు ఎంతకైనా సాగే ఎస్‌వీజీ బొమ్మలొచ్చాయి. అయినా మంచి ముసవ్విర్ 16 సైజుకి విడిగా గీస్తాడు.

బాగుచేయడం పది నిమిషాల పని. బొమ్మని మన ఖాతాలోని హైకలర్ ఫోల్డర్లో 48 సైజు దగ్గర పెట్టి, మళ్లీ లాగిన్ అయ్యాం. పెట్టె వచ్చింది. అమ్మీ దూరం నుంచే చూసి, "పహలే తిలావత్ లగావ్" అంది. అబ్బా గొంతు విన్నాక గానీ కుర్చీలో కూర్చోలేదు.

వాడికి జోష్ వచ్చి బొమ్మల కింది పేర్లు కూడా ఉర్దూలో చేస్తానన్నాడు. పేర్లకీ ఇలాంటి వరసే ఉందని అప్పుడు తెలిసింది. 'లాంగ్వేజ్' అనే ఒక సెట్టింగులో భాషలని కోలన్లతో వరసగా రాయొచ్చు: ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు. ఉర్దూ తర్జుమా ఉంటే అది, లేకపోతే తెలుగు, అదీ లేకపోతే ఇంగ్లీషు. ఉర్దూ మీడియం బడి నుంచి వచ్చి తెలుగులో డిగ్రీ చేసి ఇంగ్లీషు ప్రెస్‌నోట్లు తర్జుమా చేసుకుంటూ బతికే నా బుర్ర లోపలి వరస ఏ ఇంజినీరుకి ఎలా తెలిసిందో!

మెనూలు తెరిస్తే నాలుగు మాటలు ఉర్దూలో, బోలెడు తెలుగులో, మిగతావి ఇంగ్లీషులో వచ్చాయి. మా ఇంట్లో భోజనాల దగ్గర మాటల్లాగే. ఉర్దూ కుడి నుంచి నడుస్తుంది కాబట్టి దాన్ని పూర్తిగా పాటించే ప్రోగ్రాముల్లో వెనక్కి వెళ్లే బాణం కుడివైపు చూస్తుంది. అమ్మీకి అది అసలు వింతగా అనిపించలేదు. మేమిద్దరం మాత్రం తప్పు బటన్లు నొక్కుతూ కూర్చున్నాం.

అమ్మీ షికాయత్ వేరే. "యే తో అరబీ కీ లిఖావట్ హై" అంది. నిజమే, తెర మీద అక్షరాలు నస్ఖ్‌లో ఉన్నాయి. నస్తాలీఖ్ ఫాంట్ లేకపోతే కంప్యూటరు అక్షరాల విషయంలోనూ దొరికినదానితో సరిపెడుతుంది. నస్తాలీఖ్‌ని మెషీన్‌కి నేర్పడం ఆషామాషీ కాదు. మీర్జా అహ్మద్ జమీల్ నూరీ నస్తాలీఖ్ 1981లో గానీ రాలేదు. 1927లో మొదలైన చెన్నై 'ముసల్మాన్' పత్రికకి అయితే ఆ తర్వాత కూడా కాతిబ్‌లే చేత్తో రాశారు. మా వాడు నోటో నస్తాలీఖ్ ఉర్దూ దింపి వేశాడు. అమ్మీ కళ్లజోడు సర్దుకుని, గట్టిగా, ఒక్కో మెనూ చదివింది. తెలుగువి వచ్చినచోట ఆగి నా వైపు చూసింది, నేను చదివి పెట్టాను.

ఇప్పుడు కైకలూరులో ఆపా ఇంట్లో బహస్ నడుస్తోంది. అక్కడి కంప్యూటరు బావగారి చేపల చెరువుల లెక్కలకీ, పిల్లల చదువులకీ. బావగారికి తెలుగు ముందుండాలి, మేత బిల్లులన్నీ తెలుగులోనే. పిల్లలు ఇంగ్లీషు చాలంటున్నారు. ఆపా ఉర్దూని లైనులోంచి తీయనివ్వడం లేదు. వచ్చే ఇత్వార్ భాంజా అక్కడికే వెళ్తున్నాడు. సందూఖ్‌ని 16 సైజులో కూడా గీసి పట్టుకెళ్లమని అమ్మీ చెప్పింది, కైకలూరు పిల్లలకీ నానా గొంతు కావాలట.